బ్యాకప్ తీయడం, తిరిగి ఎక్కించి చూసుకోవడం ఎలా?

సెప్టెంబరు నెల వచ్చిందంటే నాకు ఒకే ప్రశ్న పదిమంది దగ్గర్నుంచి వస్తుంది. నరసన్నపేటలో బట్టల షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన కుర్రాడు, రాజాంలో ఒక క్లినిక్ సిస్టమ్ చూసుకునే అమ్మాయి, విజయనగరంలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసే మిత్రుడు, అందరూ అడిగేది ఒకటే. ‘అన్నా, తుపాను అంటున్నారు, మన డేటాకి ఏం చేయాలి?’ ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేసరికి సగం మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెప్పాలి. కొన్నేళ్ల క్రితం పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారానికి స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్టు కూడా రాశాను. తేదీ పేరుతో రోజుకో ఫైలు ఫోల్డర్లో చేరేది. ఒకరోజు హార్డ్ డిస్క్ చచ్చిపోయింది. ఏం ఫర్వాలేదని ధైర్యం చెప్పి, బ్యాకప్ ఫోల్డర్ తెరిచాను. నాలుగు నెలల ఫైళ్లున్నాయి, ఒక్కోటి సరిగ్గా 20 బైట్లు. మధ్యలో ఎప్పుడో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాం, స్క్రిప్టులో మార్చడం మర్చిపోయాను. డంప్, అంటే డేటాబేస్ మొత్తాన్ని బయటికి తీసిన ఫైలు, రాలేదు, కానీ దాని వెనకున్న జిప్ కమాండ్ ఆ ఖాళీనే బుద్ధిగా మూటకట్టి పెట్టింది. ఖాళీని జిప్ చేస్తే వచ్చే ఫైలు 20 బైట్లు. ఆ అంకె నేను జన్మలో మర్చిపోను. ఓనరు గారు నా పక్కనే నిలబడి ‘ఏటి బావూ, పోయినట్టేనా?’ అని మెల్లగా అడిగారు. బిల్లు పుస్తకాలు, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లు, జీఎస్టీ రిటర్నులు ముందేసుకుని పదకొండు రోజులు కూర్చుని మళ్లీ ఎక్కించాం. అప్పటికీ అన్నీ రాలేదు.

కాబట్టి ఈ వ్యాసంలో బ్యాకప్ తీయడం సగమే. తిరిగి ఎక్కించి చూడటం మిగతా సగం. రెండోది చేయకపోతే మొదటిది చేసినట్టు లెక్కలోకి రాదు.

కావలసినవి

- మీ డేటాబేస్ నడుస్తున్న మెషిన్. షాపులో ఉన్న కంప్యూటరైనా సరే, క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వరైనా సరే.
- తిరిగి ఎక్కించి చూడటానికి ఇంకో కంప్యూటర్. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు.
- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. ఒకటి కాదు, రెండు.
- క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే ఆబ్జెక్ట్ స్టోరేజ్ ఖాతా.
- ఒక నోటు పుస్తకం, పెన్ను.
- ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు, ఎవరూ కదపకుండా.

ఒక మాట. కమాండ్ల పేర్లు ఇక్కడ మనం పలికే తీరులో రాశాను. ఆ పేరుతో వెతికితే అసలు రూపం దొరుకుతుంది.

1. ఏమేం దాచాలో కాగితం మీద రాయండి

డేటాబేస్ ఒక్కటే అనుకుంటే దెబ్బతింటారు. స్కాన్ చేసి పెట్టిన బిల్లులు, లారీ రసీదుల ఫొటోలు సాధారణంగా డేటాబేస్‌లో ఉండవు, విడిగా ఒక ఫోల్డర్లో ఉంటాయి. పాస్‌వర్డులు, ఎస్సెమ్మెస్ గేట్‌వే కీలు ఉండే కాన్ఫిగ్ ఫైలు గిట్‌లో (కోడ్ దాచుకునే చోట) ఉండదు, ఉండకూడదు కూడా. బిల్లు ప్రింటర్ సెట్టింగులు, లైసెన్స్ నంబర్లు కూడా జాబితాలో చేర్చండి.

తర్వాత ఓనరుని రెండు ప్రశ్నలు అడగండి. పెద్ద కంపెనీల్లో వీటికి ఆర్‌పీవో (ఎంత డేటా పోయినా తట్టుకోగలం), ఆర్‌టీవో (ఎంతసేపట్లో మళ్లీ నడవాలి) అని పేర్లున్నాయి. మన దగ్గర ఇలా అడిగితే చాలు. ‘సాయంత్రం నాలుగింటికి మెషిన్ పోతే, పొద్దున్నుంచి కొట్టిన బిల్లులు మళ్లీ కొట్టుకోగలరా?’ ‘ఎన్ని గంటలు సిస్టమ్ లేకుండా కాగితం మీద నెట్టుకొస్తారు?’ ‘ఒక పూటవైతే కొట్టుకుంటాం, వారానివైతే మా వల్ల కాదు’ అంటే రోజుకి రెండుసార్లు బ్యాకప్ చాలు. క్లినిక్ అయితే గంటకోసారి కావాలనవచ్చు. జవాబు పుస్తకంలో రాసి, ఓనరు చేత సంతకం పెట్టించుకోండి. రేపు మాట తేడా రాకుండా ఉంటుంది.

2. డంప్ సరైన పద్ధతిలో తీయండి

నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని కాపీ, పేస్ట్ చేయకండి. కాపీ అవుతుండగానే కౌంటర్లో ఎవరో బిల్లు కొడతారు. సగం పాతది, సగం కొత్తది కలిసిన ఫైలు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, తెరిస్తే తెరుచుకోదు.

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, డంప్ తీసే దాని కమాండ్ పీజీ డంప్ వాడండి, కస్టమ్ ఫార్మాట్‌లో తీయండి. యూజర్లు, వాళ్ల అనుమతులు ఇందులో రావు. వాటికోసం పీజీ డంప్ ఆల్ కమాండ్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి. ఇంకొకటి, పీజీ డంప్ వెర్షన్ సర్వర్ వెర్షన్ కంటే పాతదైతే అది డంప్ తీయనని మొరాయిస్తుంది.

మైఎస్‌క్యూఎల్ అయితే మైఎస్‌క్యూఎల్ డంప్‌కి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇవ్వండి. ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ మామూలుగా వాడే రకం) టేబుళ్లకి ఒకే క్షణం నాటి లెక్క వస్తుంది, కౌంటర్ ఆగదు. స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు ఉంటే రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు కూడా ఇవ్వాలి, అడగకపోతే అవి రావు.

ఎస్‌క్యూలైట్ అయితే ఒక్క ఫైలే కదా అని కాపీ చేసేస్తారు. పక్కనే వాల్ అనే ఇంకో ఫైలు ఉండొచ్చు, కొత్త బిల్లులు అందులోనే ఉంటాయి. దాని సొంత బ్యాకప్ కమాండ్ గానీ, వ్యాక్యూమ్ ఇంటూ గానీ వాడండి.

డాకర్‌లో (అప్లికేషన్‌ని డబ్బాలో పెట్టినట్టు విడిగా నడిపే పద్ధతి) నడుపుతున్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఇప్పుడు చిన్న ప్రాజెక్టులు కూడా అందరూ డాకర్ కంపోజ్‌తోనే పెడుతున్నారు, మంచిదే. కానీ ఇమేజ్ (ప్రోగ్రాము మూట) దాచుకుంటే డేటా దాచుకున్నట్టు కాదు. డేటా వాల్యూమ్ అనే విడి చోట ఉంటుంది. కంపోజ్ డౌన్ కమాండ్ చివర ‘వీ’ అనే చిన్న ఆప్షన్ చేరిస్తే వాల్యూమ్‌లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. నెట్‌లో ఎక్కడో చూసిన కమాండ్‌ని యథాతథంగా కొట్టేముందు ఆ అక్షరం ఉందేమో చూసుకోండి.

3. తప్పు జరిగితే దాక్కోనివ్వకండి

నా 20 బైట్ల కథకి మందు ఇక్కడుంది. రెండు కమాండ్లని పైపుతో (ఒకదాని ఫలితాన్ని ఇంకోదానికి అందించే గుర్తు) కలిపితే, కమాండ్లు నడిపే షెల్ చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. డంప్ విఫలమైనా జిప్ సఫలమైతే అంతా బాగున్నట్టే చెబుతుంది. బాష్ అనే షెల్‌లో స్క్రిప్టు మొదట పైప్‌ఫెయిల్ సెట్ చేస్తే ఈ మోసం ఉండదు.

అది చాలదు, సైజు కూడా చూడమనండి. నిన్నటి ఫైలు కంటే ఈరోజు ఫైలు సగానికి పడిపోతే స్క్రిప్టు ఆగిపోయి తప్పు చెప్పాలి. ఫైలుని మొదట తాత్కాలిక పేరుతో రాసి, అంతా అయ్యాకే అసలు పేరు పెట్టమనండి. మధ్యలో కరెంటు పోతే సగం ఫైలు అసలు పేరుతో మిగిలిపోకుండా ఉంటుంది. మన ఊళ్లలో ఇది ఎంత అవసరమో మీకు తెలుసు.

4. తాళం వేయండి, తాళంచెవి పోగొట్టుకోకండి

ఖాతాదారుల ఫోన్ నంబర్లు, రోగుల వివరాలు ఉన్న ఫైలుని అలాగే క్లౌడ్‌లోకి పంపకండి. రెస్టిక్ అనే ఉచిత టూల్ ఉంది. ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, మారిన భాగాల్నే పంపుతుంది కాబట్టి మన నెట్ స్పీడుకి సరిపోతుంది. కానీ దాని పాస్‌వర్డ్ పోతే ఎవరూ తెరవలేరు, ఆ టూల్ రాసినవాళ్లు కూడా.

ఆ పాస్‌వర్డ్‌ని సర్వర్ మీదే పెట్టుకుని ఊరుకుంటే, సర్వర్‌తో పాటే పోతుంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, కవర్లో పెట్టి, అంటించి, ఓనరు బీరువాలో ఒకటి, మీ ఇంట్లో ఒకటి ఉంచండి. రేపు మీకు ఒంట్లో బాగోకపోయినా ఇంకొకరు తెరవగలగాలి.

5. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, ఒకటి ఊరి బయట

దీన్ని 3-2-1 సూత్రం అంటారు. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ ఫొటోలు పోకుండా దాచుకోవడం కోసం దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. అసలు డేటా ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒకటి, దూరంగా ఒకటి.

దూరం అంటే ఎంత దూరం? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కుదిపేసింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరాన తీరం దాటింది. శ్రీకాకుళం షాపు బ్యాకప్‌ని విశాఖలో బావమరిది ఇంట్లో పెడితే, ఒకే గాలి రెండింటినీ కొట్టొచ్చు. అమెజాన్ క్లౌడ్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్లున్నాయి. సముద్రానికి దూరంగా ఉందని నేను హైదరాబాద్ ఎంచుకుంటాను. వేరే కంపెనీదైనా ఫర్వాలేదు, ఊరు మారాలి.

సర్వర్ ఇప్పటికే క్లౌడ్‌లో ఉందా? అయినా ఇదే నియమం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి కాలిపోయింది. సర్వరూ బ్యాకపూ రెండూ అక్కడే పెట్టుకున్నవాళ్లు రెండూ పోగొట్టుకున్నారు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు మూడు.

గూగుల్ డ్రైవ్‌లోకి సింక్ అవుతోంది కదా అనుకోవడం. సింక్ అంటే అద్దం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటుంది నిజమే, కానీ పోయిందని మీరు గమనించేసరికి ఆ గడువు దాటిపోవచ్చు.

ఎక్స్‌టర్నల్ డిస్కుని ఎప్పుడూ మెషిన్‌కి తగిలించే ఉంచడం. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై లాంటి వైరస్ తగిలించి ఉన్న డిస్కుల్లో ఫైళ్లకి కూడా తాళం వేసేస్తుంది. బ్యాకప్ అయ్యాక ఊడదీయండి. అందుకే రెండు డిస్కులు. ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. తగిలించనిది ఓనరు ఇంట్లో ఉంటుంది.

సర్వర్‌కి ఇచ్చిన క్లౌడ్ కీకి చెరిపే అధికారం కూడా ఇవ్వడం. సర్వర్‌లో దూరినవాడు బ్యాకప్‌లనీ చెరిపేస్తాడు. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో ఆబ్జెక్ట్ లాక్ అనే సౌకర్యం ఉంటుంది. ఫలానా రోజుల వరకూ ఎవరూ చెరపలేరని పెట్టుకోవచ్చు. దాన్ని బకెట్ (క్లౌడ్‌లో ఫైళ్లు వేసుకునే డబ్బా) సృష్టించేటప్పుడే ఆన్ చేసుకుంటే తేలిక. ముప్ఫై రోజులు పెట్టండి.

6. టైము పెట్టండి

లినక్స్ సర్వర్‌లో, చెప్పిన టైముకి పని నడిపే క్రాన్ వాడతారు. రెండు గుంతలున్నాయి. క్లౌడ్ సర్వర్ గడియారం ఎక్కువగా యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. మన తెల్లవారుజాము రెండు గంటలంటే దానికి ముందురోజు రాత్రి 8:30. క్రాన్‌లో గంట దగ్గర ‘2’ అని రాస్తే మనకి ఉదయం 7:30కి నడుస్తుంది. రెండోది, ఫైలు పేరులో తేదీ రావడానికి శాతం గుర్తు వాడతాం. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా) లైనులో ఆ గుర్తుకి వేరే అర్థం ఉంది, కమాండ్ అక్కడితో తెగిపోతుంది. స్క్రిప్టుని చేత్తో నడిపితే పనిచేస్తుంది, క్రాన్‌లో పనిచేయదు అంటూ జుట్టు పీక్కునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. తేదీ లెక్కని స్క్రిప్టు లోపల పెట్టి, క్రాన్‌లో స్క్రిప్టు పేరు ఒక్కటే రాయండి.

షాపు కంప్యూటర్ అయితే రాత్రి రెండింటికి పెట్టడం దండగ. షట్టర్ దించేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్తారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒకటి, సాయంత్రం కట్టేసేముందు ఒకటి పెట్టండి. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడపమనే టిక్కు ఒకటుంది, అది పెట్టండి.

7. మౌనాన్ని నమ్మకండి

‘తప్పు జరిగితే మెయిల్ వస్తుంది’ అని సెట్ చేస్తారు. మెయిలే రాకపోతే? 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సేవ నడిపే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. తీరా చూస్తే పీజీ డంప్ బ్యాకప్‌లు వెర్షన్ తేడా వల్ల విఫలమవుతూ వస్తున్నాయి. ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు తిరస్కరణకు గురై చేరలేదు. అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణం నాటి నకలు) ఉండటంతో బయటపడ్డారు. ఆ ఆరు గంటల డేటా పోయింది. జరిగిందంతా దాచకుండా ప్రపంచానికి చెప్పినందుకు ఆ కంపెనీ మీద నాకు గౌరవం.

కాబట్టి పద్ధతి తిరగేయండి. బ్యాకప్ బాగా అయితే స్క్రిప్టు బయట ఉన్న ఒక సర్వీసుకి ‘అయింది’ అని కబురు పెట్టాలి. కబురు రాకపోతే ఆ సర్వీసు మీ ఫోన్‌కి చెప్పాలి. హెల్త్‌చెక్స్ లాంటివి చిన్న వాడకానికి ఉచితంగానే దొరుకుతాయి. పెట్టాక ఒకరోజు కావాలని బ్యాకప్ ఆపేసి, ఫోన్ మోగుతుందో లేదో చూడండి.

8. తిరిగి ఎక్కించండి

ఇదే అసలు పని. దీనికి మాత్రం తొందరపడకండి.

ముందు పాత ల్యాప్‌టాప్‌లో పనిచేస్తున్నారా, అసలు సర్వర్‌లోనా అన్నది రెండుసార్లు చూసుకోండి. గిట్‌ల్యాబ్ ఇంజనీరు పొరపడింది కూడా ఏ మెషిన్ మీద ఉన్నానన్న దగ్గరే. నేను అసలు సర్వర్ విండోకి ఎర్ర రంగు పెట్టుకుంటాను.

బ్యాకప్‌ని హార్డ్ డిస్కు నుంచి కాకుండా క్లౌడ్ నుంచి దించండి. పాస్‌వర్డ్‌ని మీ జ్ఞాపకం నుంచి కాకుండా కవర్ చింపి అందులోంచి చూసి కొట్టండి. సున్నాకీ ‘ఓ’ అక్షరానికీ తేడా తెలియకుండా రాశారని ఆరోజే తెలుస్తుంది. గడియారం చూసి మొదలుపెట్టిన టైము పుస్తకంలో రాయండి.

ఫైళ్లు దిగాక, అప్లికేషన్ ఆన్ చేసేముందు ల్యాప్‌టాప్ నెట్ ఆపేయండి. దీన్ని దాటేయకండి. ఎక్కించిన కాపీలో ఎస్సెమ్మెస్ కీలు కూడా నిజమైనవే ఉంటాయి. ఆన్ చేయగానే పాత బాకీల మెసేజ్‌లు ఖాతాదారులందరికీ మళ్లీ వెళ్లిపోతాయి. ఆదివారం మధ్యాహ్నం రెండొందల మందికి ‘మీ బాకీ చెల్లించగలరు’ అని వెళ్తే ఓనరు గారి పరువు ఏమవుతుందో ఆలోచించండి.

ఇప్పుడు ఒక్కొక్కటీ సరిచూడండి.

- ఆఖరి బిల్లు నంబరు. అసలు సిస్టమ్‌లో బ్యాకప్ టైముకి ఉన్న నంబరే ఇక్కడా ఉండాలి.
- ముఖ్యమైన టేబుళ్లలో వరుసల లెక్క.
- ఏదో ఒక పాత రోజు మొత్తం అమ్మకం. రూపాయలు, పైసలతో సహా కాగితం మీది మొత్తంతో కలవాలి. పలాసలో నేను డబ్ల్యూ 320 గ్రేడు జీడిపప్పు స్టాకు, 80 కిలోల ముడి పిక్కల బస్తాల లెక్క రెండూ చూస్తాను.
- తెలుగు పేర్లు. ‘అప్పలనాయుడు’ అని ఉండాల్సిన చోట వరసగా ప్రశ్న గుర్తులుంటే అక్షరాలు పోయినట్టే, ఆ బ్యాకప్ నుంచి తిరిగి రావు. విదేశీ అక్షరాల గందరగోళం కనిపిస్తే చాలాసార్లు బాగుచేయొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్, కనెక్షన్, డంప్ మూడూ యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల పద్ధతిలో ఉంటే ఈ టెన్షన్ ఉండదు.
- ఒక స్కాన్ బిల్లు ఫొటో తెరవండి. డేటాబేస్‌లో పేరు ఉండి ఫైలు లేకపోతే మొదటి మెట్టులో ఫోల్డర్ మర్చిపోయారు.
- మామూలు యూజర్‌తో లాగిన్ అవ్వండి, అడ్మిన్‌తో కాదు.
- ఒక కొత్త బిల్లు కొట్టండి. ఇది చాలామంది చేయరు. ఎక్సెల్, సీఎస్‌వీ ఫైళ్ల నుంచి ఎక్కించినవాళ్లకి సీక్వెన్స్ (వరస నంబర్లు ఇచ్చే లెక్క) మళ్లీ ఒకటి నుంచి మొదలై, డూప్లికేట్ అని తప్పు చూపిస్తుంది. పాత బిల్లులన్నీ కనిపిస్తూ, కొత్తది కొట్టలేని స్థితి.
- ఆ బిల్లుని ప్రింట్ తీయండి.

ఇవన్నీ అయ్యాక టైము రాయండి. మొదటిసారి నాకు ఐదు గంటలు పట్టింది, అందులో మూడు గంటలు డ్రైవర్లు వెతకడానికే. మూడోసారికి యాభై నిమిషాలకి వచ్చింది. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఏం చేశారో వెంటనే రాసుకోండి, సాయంత్రానికి గుర్తుండదు. పని ముగిశాక ల్యాప్‌టాప్‌లో ఎక్కించిన డేటా చెరిపేయండి. అది ఖాతాదారుల సమాచారం. చింపిన కవర్ బదులు కొత్త కవర్ అంటించి బీరువాలో పెట్టించండి.

రెండోసారి మీరు చేయకండి. షాపులో కంప్యూటర్ చూసుకునే అబ్బాయి చేత చేయించి, మీరు పక్కన కూర్చోండి. నోరు మెదపకండి. అతను పుస్తకం చూసి చేయలేకపోతే పుస్తకంలో ఏదో రాయలేదన్నమాట.

9. ఎన్నాళ్లు ఉంచాలి

రోజువారీవి ఏడు, వారంవి నాలుగు, నెలవి పన్నెండు ఉంచండి. రెస్టిక్‌లో ఇది ఒక్క కమాండే. ఆబ్జెక్ట్ లాక్ ఉన్నచోట గడువు లోపలివి చెరగవు, ఆ లెక్క కలుపుకోండి. మార్చి 31 నాటిది విడిగా తీసి పెట్టుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

ఇంత పని మా వల్ల కాదంటే

క్లౌడ్ కంపెనీలే నడిపే మేనేజ్డ్ డేటాబేస్ తీసుకోవచ్చు. నెల ఖర్చు ఎక్కువ, తలనొప్పి తక్కువ. నిమిషాల లెక్కన వెనక్కి వెళ్లే సౌకర్యం కూడా ఉంటుంది. కానీ అమెజాన్ వాళ్ల మేనేజ్డ్ డేటాబేస్ ఆర్‌డీఎస్‌లో ఆటోమేటిక్ బ్యాకప్‌లు గరిష్ఠంగా 35 రోజులే ఉంటాయి. డేటాబేస్‌ని తొలగించేటప్పుడు జాగ్రత్తపడకపోతే అవి కూడా దానితో పోతాయి. వారానికో డంప్ మీ సొంత ఖాతాలో వేసుకోండి. ఎనిమిదో మెట్టు మాత్రం ఏ దారిలో వెళ్లినా తప్పదు.

రెడీమేడ్ అకౌంటింగ్ ప్యాకేజీ వాడేవాళ్లు ఫోల్డర్ కాపీ చేయకుండా, దాని మెనూలోనే ఉండే బ్యాకప్, రిస్టోర్ వాడండి. మిగతా మెట్లన్నీ ఇవే.

నేను చూసే షాపులన్నిటికీ తిరిగి ఎక్కించి చూసే రోజు సెప్టెంబరు మొదటి ఆదివారం, మళ్లీ మార్చిలో ఒక ఆదివారం. పుస్తకంలో ఐదు గళ్లు గీయండి: తేదీ, ఎవరు చేశారు, ఏ కాపీ నుంచి, ఎన్ని నిమిషాలు, ఎక్కడ ఆగింది. మొదటి వరుస ఈ ఆదివారమే నింపండి.